జర్మనీ పిల్లగాని మోకాలు

మా ఆయన పుట్టినరోజు రెండుసార్లు మరిచిపోయిన దాన్ని నేను. కానీ జర్మనీలో బంతి ఆడే ఒక మనిషి ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఎన్ని వారాలకు చంక కర్రలు వదిలేశాడో, ఎన్నో నెలలో మెట్లెక్కాడో, ఎన్నో నెలలో మళ్లీ ఉరికాడో గడగడా చెప్పగలను. ఇది గొప్పకు చెప్పడం లేదు. నా గాబరా ఎంత దూరం పోయిందో తెలియాలని చెబుతున్నాను.

ఆ ఆటగాడి పేరు రాయను. పలుకుదామన్నా నాకు నోరు తిరగదు. మా అమ్మాయి నాలుగుసార్లు పలికించింది, నాలుగుసార్లూ పడీ పడీ నవ్వింది. ఇంట్లో మాకు ఆయన 'జర్మనీ పిల్లగాడు'. ముప్ఫై దాటినోడు పిల్లగాడెట్లయితడే అని మా ఆయన అంటాడు. అమ్మాయి మంచం పైన గోడకు అంటించిన బొమ్మలో మాత్రం వాడికి పందొమ్మిదేళ్లు. చెవులు కొంచెం పెద్దవి, మొహం నిండా చెమట, నోరు తెరుచుకుని ఉరుకుతుంటాడు. రోజూ ఇల్లు ఊడ్చేటప్పుడు చూసే మొహం కదా, నా లెక్కలో వాడు ఆ వయసు దగ్గరే ఆగిపోయాడు.

వాడు వింగర్. అంటే మైదానం నడుమ కాదు, అంచున, సున్నం గీత వెంబడి బంతిని తోసుకుంటూ ఉరికి, లోపల నిలబడ్డ వాళ్లకు అందించేవాడు. గోలు కొట్టినవాడి మీద పడి అందరూ ముద్దులు పెట్టుకుంటారు, అందించినవాడు గీత దగ్గర ఒక్కడే నిలబడి రొప్పుతుంటాడు. ఇదేం ఆట తల్లీ, పని నీది పేరు వాళ్లదా అంటే మా అమ్మాయికి కోపం. "నీకు సమజ్ కాదు లే అవ్వా" అనేది. ఇంగ్లీషు మీడియంలో చదివినా నన్ను మమ్మీ అనదు, అవ్వా అనే పిలుస్తుంది. హాస్టల్లో తోటి పిల్లలు ఎంత ఎక్కిరించినా మానలేదు.

ఆమెదీ అదే జాగా, ఎడమ అంచు. వాడిలాగే పొట్టి, వాడిలాగే ఎడమకాలి వాటం. పన్నెండో ఏట ఆదిలాబాద్‌లో ఆటల హాస్టల్లో సీటు వచ్చింది. అక్కడే చదువు, అక్కడే ఆట. కరీంనగర్ నుంచి బస్సెక్కితే సగం రోజు ప్రయాణం. మొదటిసారి దింపి వచ్చేటప్పుడు నిర్మల్ దాకా ఏడ్చాను. ఆ పక్క సీట్లో కూర్చున్న ముసలామె జాలిపడి, ఎవరైనా పోయారా బిడ్డా అని అడిగింది. నాలుగేళ్లలో ఆ దారి అలవాటైపోయింది. ఎక్కడ గుంతలున్నాయో, ఏ బస్టాండులో టీ తాగదగ్గదో అన్నీ తెలుసు.

నేనొక సర్కారు ఆఫీసులో వచ్చిన ఉత్తరాల మీద ముద్ర వేసే సీట్లో పని చేస్తాను. ఆ రోజు పదకొండు గంటలకు కోచ్ సారు ఫోన్ చేశాడు. ఆయన మొదటి మాట, "మేడం, పరేషాన్ కాకుండ్రి."

ఆ మాటతో మొదలుపెట్టిన ఏ ఫోనూ మంచి చెప్పదు. ప్రాక్టీసులో ఎవరూ తగలకుండానే పడిందట. ఉరుకుతూ ఉరుకుతూ లోపలికి తిరిగింది, కాలు మాత్రం తిరగలేదు. మోకాల్లో టప్పున చప్పుడైందట, పక్క పిల్లలకు కూడా వినబడిందట. ఆ చప్పుడు నేను వినలేదు గానీ, చాలా రోజులు ఎక్కడ ఏది టప్పుమన్నా ఉలిక్కిపడేదాన్ని. మా ఆయన గ్రానైట్ యార్డులో సూపర్‌వైజరు. ఆయన ఎవరి కారు అడిగి తెచ్చాడో గుర్తులేదు, అమ్మాయిని కరీంనగర్ తీసుకొచ్చాం.

మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే నరంలాంటిది ఒకటుంటుందట. అది తెగింది. తొడలోంచి ఇంకో ముక్క తీసి అక్కడ కుడతాం అన్నాడు డాక్టరు. కుట్టాడు. కట్టు విప్పిన రోజున నా మొహం చూసి, అమ్మాయికి కాదు, నాకే చెప్పాడు.

"తొమ్మిది నెలలమ్మా. ఒక్క రోజు తక్కువైనా గ్రౌండ్‌ల అడుగు పెట్టనియ్యను. కడుపుల బిడ్డను మోసినట్టే అనుకో. ఏడో నెలల బయటికి తీస్తే ఏమైతదో నీకు నేను చెప్పాల్నా?"

బుర్ర ఊపాను. అక్కడే వేళ్లు మడిచి లెక్కపెట్టాను, నా పై ప్రాణాలు పైనే పోయాయి. హాస్టల్లో సీటు నిలవాలంటే పెద్ద పిల్లల బ్యాచికి ఎంపిక ఆట ఆడాలి. అది ఎనిమిది నెలలు నిండిన రెండు రోజులకే పడుతుంది. వచ్చే ఏడు చూద్దాంలే అనడానికి లేదు, వయసు దాటిపోతుంది. అంటే ఆ ఒక్క సాయంత్రం ఆడితే ఆట ఉంటుంది, ఆడకపోతే నాలుగేళ్లు అక్కడ పడ్డ కష్టమంతా గంగలో కలిసినట్టే. ఇదీ సంగతి.

జర్మనీ పిల్లగాడికీ తెగింది అదే నరం, అదే మోకాలు. ఈ సంగతి ఆస్పత్రి మంచం మీద అమ్మాయే చెప్పింది, ఏదో చుట్టరికం కలిసినంత సంతోషంగా. "ఆయనకు గూడ గిదే అవ్వా! మళ్ల ఆడిండు తెలుసా?" అంది. అంతే, అప్పటి నుంచి వాడి బతుకు నాకు పట్టుకుంది. ఆఫీసులో అన్నం తింటూ ఫోన్లో వెతికేదాన్ని. జర్మనీ భాషలో ఉన్నదాన్ని ఫోనే తెలుగు చేసి చూపించేది. ఆ తెలుగు చదివితే తలనొప్పి. అయినా వదలలేదు.

వాడిది బొగ్గు గనుల ఊరట, మన గోదావరిఖని లాంటిదే అనుకున్నాను. తండ్రి లారీ నడిపేవాడు. ఆరేళ్లప్పుడు ఊళ్లో చిన్న జట్టులో వేశారు. పొట్టివాడని రెండు చోట్ల పంపించేశారు. పద్నాలుగేళ్లకు ఒక పెద్ద జట్టువాళ్లు తీసుకుపోయారు, అక్కడా హాస్టలే, అక్కడా తల్లి దింపి ఏడుస్తూ వచ్చింది. ఇది చదివి నాకు ఆ తల్లి మీద ఎంత ప్రేమ పుట్టిందో! పందొమ్మిదేళ్లకు దేశంలోని పెద్ద ఆటల్లోకి దిగాడు. రెండు మూడేళ్లు వాడి వెనక ఉరకలేక అవతలివాళ్లు చొక్కా పట్టుకుని గుంజేవాళ్లు. అప్పుడు మోకాలు తెగింది. ఇంటికి పోయి తల్లి దగ్గర ఉన్నాడు. నెమ్మదిగా నడిచాడు, ఎక్కాడు, ఉరికాడు. తిరిగి మైదానంలోకి అడుగు పెట్టిన రోజున జనమంతా లేచి నిలబడి వాడి పేరు పట్టి అరిచారట, పేరు రాసిన గుడ్డలు ఊపారట.

నేను అక్కడ చదవడం ఆపేశాను. కింద ఇంకా చాలా ఉంది, వేలితో తోస్తే వస్తుంది. తోయలేదు. సినిమాలో మంచి జరిగిన చోట లేచి బయటికి వచ్చేస్తే ఇక చెడు జరగదన్నట్టు, ఆ జనం చప్పట్ల దగ్గరే ఫోను మూసేసేదాన్ని. మళ్లీ మర్నాడు మొదటి నుంచి చదివి మళ్లీ అక్కడే ఆపేదాన్ని.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

మా చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. కష్టం వచ్చినవాళ్లు ఆదివారం ఆరాధనలో లేచి మనవి చెప్పుకుంటారు. ఆ రోజు నుంచి అందరూ వాళ్ల కోసం ప్రార్థన చేస్తారు. మేలు జరిగాక మళ్లీ లేచి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. చెప్పకుండా ఊరుకుంటే దేవుడి మేలు దాచిపెట్టినట్టు. మా తాతల కాలం నుంచీ, మిషన్ దొరలు కట్టిన ఆ గుడిలో ఇదే నడుస్తోంది. అమ్మాయి ఆపరేషన్ ముందు నేను మనవి చెప్పుకున్నాను, మొక్కుకున్నాను కూడా. నా బిడ్డ మళ్లీ ఉరికిన వారమే సాక్ష్యం చెబుతాను ప్రభువా అని.

ఆరో నెల దాటాక అమ్మాయి పొద్దున్నే స్టేడియంలో మెల్లగా ఒక చుట్టు ఉరికింది. ఉరికినంతసేపూ నేను గట్టు మీద కూర్చుని చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఒక్క చుట్టే. అది సాయంత్రానికల్లా పెద్దమ్మకు తెలిసిపోయింది. పెద్దమ్మ అంటే నాకు చుట్టం కాదు, మా స్త్రీల సమాజానికి పెద్ద, మేముండే మిషన్ కాంపౌండంతా ఆమెను అట్లాగే పిలుస్తుంది. మా అమ్మాయి పేరు మీద శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉన్న మనిషి. ఆమె మాట తీసేసే ధైర్యం నాకు లేదు.

"ఏం బిడ్డా, పిల్ల ఉరికిందట గదా. దేవుడు ఇంత మేలు చేసినంక నోరు మూసుకొని కూసుంటవా?" అంది.

"డాక్టరు ఇంక చెప్పలే పెద్దమ్మా."

"డాక్టరు చెప్తేనే దేవుడు చేసినట్టానే?"

ఆదివారం లేచాను. నా బిడ్డ మోకాలు సంపూర్ణంగా బాగైంది అన్నాను. ఆ 'సంపూర్ణంగా' అనే మాట ఎవరు అనమన్నారు నన్ను? మైకు చేతికొస్తే నా నోరు ఆగదు, అది నా జబ్బు. అందరూ స్తోత్రం అన్నారు. చప్పట్లు. నా కళ్లు ధారలు కట్టాయి, నిజంగానే, ఆ నిమిషంలో నేను అన్నదంతా నమ్మాను. అప్పుడు వెనక వరసలోంచి ఎవరో, "పిల్లను ముందుకు రమ్మను, ఎగిరి చూపియ్యమను" అన్నారు. అమ్మాయి ముందుకొచ్చింది. అందరి వంకా చూసింది, నా వంక చూసింది, ఎగిరింది. మళ్లీ చప్పట్లు. కాళ్లు నేలకు తగిలినప్పుడు ఆమె చెయ్యి చటుక్కున పోయి ముందు బెంచీ అంచు పట్టుకోవడం నేను చూశాను. చూసి, పాటల పుస్తకంలో పేజీ వెతుక్కున్నాను.

ఆ తర్వాతి ఆరు వారాలు ఎట్లా గడిచాయో నాకే తెలుసు. ఇంట్లో ఏడు మెట్లున్నాయి. దిగేటప్పుడు ఆమె ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగేది, నేను చూస్తున్నానని తెలిస్తే మాత్రం గబగబా దిగేది. ఫ్రిజ్‌లో ఐసు తట్టలు ఎప్పుడు చూసినా ఖాళీ. ఎవరు వాడారే అంటే, "ఎండలు గదా అవ్వా, నీళ్లల్ల ఏసుకున్న" అనేది. కుటుంబ ప్రార్థనలో అందరం మోకరిస్తే ఆమె కుడి మోకాలు ఒక్కటే ఆనించి, రెండోదాన్ని పక్కకు చాపేది. అన్నీ చూశాను. తిన్నావా, తాగావా, తలకు నూనె పెట్టుకున్నావా, హోంవర్కు అయిందా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమెను ప్రశ్నలతో కాల్చుకు తినేదాన్ని. ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు.

ఎందుకు అడగలేదంటే, భయం. నొస్తుంది అని ఆమె అంటే నేను దేవుడి ఇంట్లో అబద్ధం ఆడినదాన్ని అవుతాను. ఎంపిక ఆటా పోతుంది. అడగకపోతే రెండూ ఉంటాయి కదా, అదీ నా తెలివి.

ఏడో నెల నిండినప్పుడు డాక్టరుకు చూపించే తారీఖు వచ్చింది. "ఒకసారి పోయొద్దాం, ఏమైతది?" అన్నాడు మా ఆయన. నేను ఆయన మీద విరుచుకుపడ్డాను.

"సాక్ష్యం చెప్పినంక మళ్ల డాక్టరు దగ్గరికి పోతే జనం ఏమనుకుంటరు? నమ్మకం లేదనుకోరా?"

"జనం మోకాలా అది?" అన్నాడు.

ఆయన ఏడాదికొకసారి మాట్లాడతాడు, మాట్లాడితే అట్లా తగులుతుంది. నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు ఆయనకు టీ పెట్టలేదు. అమ్మాయి లోపల గదిలో ఉండి అంతా విన్నది. బయటికి వచ్చి, "నాకేం కాలే బాపూ, మంచిగనే ఉన్నది" అంది. ఆయన ఆమె మోకాలి వంక చూసి యార్డుకు పోయాడు. తారీఖు దాటిపోయింది.

ఎంపిక రోజున తెల్లవారగానే మొదటి బస్సు పట్టుకున్నాం. ఆట సాయంత్రం నాలుగింటికి. పెద్దమ్మ ముందు రోజే చెప్పింది, నాలుగింటికి స్త్రీల సమాజమంతా ఆమె ఇంట్లో చేరి ప్రార్థన చేస్తారట. జగిత్యాల దాటేసరికి అమ్మాయి నిద్రపోయింది. తల నా భుజం మీద పెట్టి, ఎడమ కాలు మాత్రం నడిచే దారిలోకి చాపి. కండక్టరు రెండుసార్లు ఆ కాలు దాటుకుని పోయాడు. మడవమని లేపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

చేతులు ఊరుకోవు కదా. ఫోను తీశాను. జర్మనీ పిల్లగాడి దగ్గరికి పోయాను. మొదటి నుంచి చదివి చప్పట్ల దగ్గరికి వచ్చాను. బస్సు కుదుపుకు వేలు జారిందో, నేనే తోశానో చెప్పలేను. కింది భాగం వచ్చింది.

వాడు తిరిగొచ్చిన రోజుకే మోకాలు నొస్తోందట. అంతమంది తన కోసం వచ్చి, పేరు రాసుకొచ్చి నిలబడితే వాళ్ల మొహాలు చూసి, నొస్తుందని చెప్పడానికి నోరు రాలేదట. డాక్టర్లకూ చెప్పలేదు, తల్లికీ చెప్పలేదు. ఇంకో ఆట, ఇంకో ఆట అనుకుంటూ ఆడాడు. కొన్ని వారాలకు అదే మోకాలు మళ్లీ తెగింది. ఈసారి లోపల మెత్తగా ఉండేదేదో అది కూడా నలిగిపోయింది. ఏడాదిపైన మంచం, కర్రలు. మళ్లీ లేచినా వాడి ఉరుకుడు రాలేదు. పెద్ద జట్టు వదిలేసింది. రెండో తరగతి జట్టు, అక్కడ నుంచి మూడో తరగతి, ఒకచోట ఏడాదంతా బెంచీ మీదే. ఇప్పుడు పుట్టిన ఊరికే వచ్చి, మొదట ఆడిన చిన్న జట్టు పిల్లలకు నేర్పిస్తున్నాడట. పిల్లలతో ఉరకడట. నిలబడి చెబుతాడట.

గోదావరి వంతెన మీద బస్సు పోతోంది. ఎవరో కిటికీలోంచి నీళ్లలోకి చిల్లర వేశారు. నా పక్కన నిద్రపోతున్నదాన్ని చూశాను. మెడ మీద చెమట, నోరు కొంచెం తెరిచి ఉంది. లేపి అడుగు, ఇప్పుడే అడుగు అని నన్ను నేను తిట్టుకున్నాను. అడగలేదు. నిర్మల్‌లో దిగి టీ తాగాం. ఘాట్ ఎక్కాం. ఆదిలాబాద్ వచ్చింది. అడగలేదు.

మైదానంలో పాతికమంది దాకా పిల్లలున్నారు, గోడ పక్కన తల్లులూ తండ్రులూ. కోచ్ సారు మమ్మల్ని చూసి సంబరపడ్డాడు. "వచ్చింది నా లెఫ్ట్ వింగ్! గిన్ని నెలలు ఆ దిక్కు జాగ ఖాళీగనే పెట్టిన బిడ్డా" అన్నాడు. ఆమె మొహం వెలిగిపోయింది. బట్టలు మార్చుకుని, మేజోళ్లు మోకాళ్ల దాకా లాక్కుని వచ్చింది. మోకాలు కనబడకుండా లాక్కుంది.

ఆయన ఒక కాగితం ఇచ్చాడు. ఇది అందరికీ ఉన్నదే. నా బిడ్డ ఆరోగ్యంగా ఉంది, ఆడటానికి తగి ఉంది అని తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేయాలి. కాగితం మోకాళ్ల మీద పెట్టుకుని పెన్ను తెరిచాను. రోజుకు ఎన్ని కాగితాల మీద ముద్ర వేస్తాను నేను! చదవను కూడా చదవను. ఇది రెండుసార్లు చదివాను. అమ్మాయి నా ఎదురుగా నిలబడింది. ఆమె చూస్తున్నది కాగితాన్ని కాదు, నా చేతిని.

"నొస్తుందా?" అన్నాను.

ఆమె తల ఎత్తింది. ఒక్కసారిగా ఆమె కళ్లల్లోకి కోపం వచ్చింది, అంత కోపం నేను ఎన్నడూ చూడలేదు.

"గిప్పుడు అడుగుతున్నవా?"

"చెప్పు బిడ్డా. నొస్తుందా?"

"నువ్వు చర్చిల చెప్పినంక నాకు నొవ్వచ్చునా అవ్వా?"

నా చేతిలోంచి పెన్ను పడిపోయింది. వంగి తీసుకుందామంటే కనబడలేదు, కళ్ల నిండా నీళ్లు.

ఆమె నా పక్కన కూర్చుంది. కూర్చోవడానికి ముందు కుడి కాలు మడిచింది, తర్వాత చేత్తో ఎడమ కాలు పట్టుకుని దింపుకుంది. గొంతు తగ్గించి బతిమాలింది. "సంతకం పెట్టు అవ్వా. ఒక్క గంటనే గదా. ఓర్సుకుంట. ఆరు వారాలు ఓర్సుకోలేదా?"

"ఆ జర్మనీ పిల్లగాడు గూడ ఓర్సుకున్నడు."

ఆమె ఉలిక్కిపడింది. "చదివినవా?"

"బస్సుల చదివిన. నీకు తెలుసా?"

"నాకు ఎప్పటినుంచో తెలుసు." నేల వంక చూస్తూ అంది. "నాకట్ల కాదనుకున్న."

కోచ్ సారు ఈల వేశాడు. పిల్లలు వరసలో నిలబడుతున్నారు. ఆమె లేవబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను. గుంజుకుంది. గట్టిగా పట్టుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు. చూడనీ.

"సారూ, ఆమె ఆడదు" అని అరిచాను. నా గొంతు నాకే వికారంగా వినిపించింది. "బాగుకాలే. డాక్టరు దగ్గరికి నేనే తీస్కపోలే. తప్పు నాది."

ఆయన దగ్గరికి వచ్చాడు. కాగితం చూశాడు, ఆమెను చూశాడు. సీటు పోతుందమ్మా, మళ్లా నేనేం చేయలేను అన్నాడు. తెలుసు అన్నాను. ఆయన చేతిలో ఉన్న పేర్ల పట్టీలో ఆమె పేరు పక్కన ఏదో రాసి వెళ్లిపోయాడు. ఎడమ అంచున వేరే అమ్మాయిని నిలబెట్టాడు. ఆట మొదలైంది.

మా అమ్మాయి మొహం అవతలికి తిప్పుకుంది. బంతి ఎటు పోతే ఆమె తల అటు తిరుగుతోంది, ఎడమ వైపు వచ్చినప్పుడల్లా కూర్చున్న చోటే ఆమె కాలు కదులుతోంది. నాలుగేళ్ల కష్టం ఆ గీత వెంబడి ఎవరో ఉరికి తీసుకుపోతుంటే చూస్తూ కూర్చుంది. నేను చేసింది మంచో చెడో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పటికీ కొన్ని పొద్దులు తెలియదు.

అప్పుడు ఫోను మోగింది. పెద్దమ్మ.

"ఆట మొదలైందా బిడ్డా? అందరం ఇక్కడనే కూసున్నం. ఫోను పెద్దగ పెట్టిన, అందరికి వినబడుతుంది. పిల్ల ఎట్ల ఉరుకుతుంది చెప్పు."

వెనక పాట పాడుతున్నారు, పది పన్నెండు గొంతులు. ఫోను పట్టుకుని లేచి అవతలికి పోయి, తర్వాత మాట్లాడతానని చెప్పొచ్చు. సగం లేచాను కూడా. మళ్లీ కూర్చున్నాను. అమ్మాయి పక్కనే కూర్చుని, ఆమె వినేటట్టే చెప్పాను.

"ఉరుకుతలేదు పెద్దమ్మా. బాగుకాలే. నా బిడ్డకు మోకాలు నొస్తుంది. ఆ ఆదివారం గూడ నొచ్చింది. నేను చూసిన, చూసి గూడ చూడనట్టు ఉన్న. నేను చెప్పింది అబద్ధమైంది. అందరికి చెప్పు."

పాట ఆగిపోయింది. ఒక్కో గొంతూ ఆగడం వినిపించింది. వెనక ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వచ్చింది. ఇక ఆ గుడి మెట్లు ఎట్లా ఎక్కను, ఏ మొహం పెట్టుకుని ఎక్కను అనుకుంటున్నాను.

"పిల్లను ఎగరమన్నది ఎవలో తెలుసానే?" అంది పెద్దమ్మ చివరికి. ఆమె గొంతు మారిపోయింది. "నేనే. వెనుకకెల్లి అరిసింది నేనే." ఎవరో ఫోను తీసుకుని పెట్టేశారు.

ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మైదానంలో ఎవరో గోలు కొట్టారు, అరుపులు. అమ్మాయి అటు చూడలేదు. నా వైపు తిరిగి ఉంది. కింది పెదవి వణుకుతోంది. చిన్నప్పుడు పడి లేచాక, నేను చూసేదాకా ఆపుకుని, నేను చూడగానే బావురుమనేది, అచ్చం ఆ మొహమే.

"నొస్తుందే అవ్వా" అంది.

"ఎక్కడ?"

మేజోడు కిందికి దింపింది. మోకాలు వాచి ఉంది. వేలితో చూపించింది. ఇక్కడ, మెట్లు దిగేటప్పుడు. ఇక్కడ, పొద్దున లేవగానే. ఈ పక్కన, ఎగిరిన రోజు నుంచి. ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయింది, ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ, ఆరు వారాలవి. నేను మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నీ అయిపోయాయనుకున్నప్పుడు ఇంకా ఉందా అని అడిగాను. ఉందంది.